భూమి లోపల గ్యాస్ ఎంత ఉంది? ద్రవ్య నిత్యత్వంతో లెక్క తేల్చే పద్ధతి

సీఎన్‌జీ ఆటో నడిపేవాళ్ళకి ఈ లెక్క సగం తెలిసే ఉంటుంది. సిలిండర్ నిండినప్పుడు ముల్లు 200 దగ్గర నిలబడుతుంది, బండి తిరిగేకొద్దీ దిగుతుంది. సిలిండర్ సైజు మారదు. బయటికి పోయిన గ్యాస్ ఎంతో, ముల్లు ఎంత దిగిందో తెలిస్తే చాలు, సిలిండర్‌ని కంటితో చూడకుండానే అది ఎంత పెద్దదో చెప్పొచ్చు. మూడు కిలోమీటర్ల లోతున ఉన్న గ్యాస్ నిక్షేపం దగ్గర రిజర్వాయర్ ఇంజినీరు చేసే పని ఇదే. రిజర్వాయర్ అనగానే నాగార్జునసాగర్ గుర్తుకొస్తుంది కానీ ఇక్కడ సంగతి వేరు. ఇసుకరాయి రేణువుల మధ్య సందుల్లో గ్యాసో, చమురో, నీరో ఇరుక్కుని ఉన్న రాతిపొరనే ఈ రంగంలో రిజర్వాయర్ అంటారు.

ఇంట్లో వంటగ్యాస్ బండతో మాత్రం ఈ ఆట సాగదు. అందులో ఉన్నది ద్రవం. కాస్త ద్రవం మిగిలి ఉన్నంతకాలం ప్రెషర్ ఇంచుమించు కదలదు, ద్రవం అయిపోయాక చకచకా పడిపోతుంది. ప్రెషర్ నిలబడింది కాబట్టి లోపల బోలెడు సరుకు ఉందనుకుంటే మోసపోతాం. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. కింద చెప్పబోయే పెద్ద పొరపాటు కూడా ఇదే, కాకపోతే అక్కడ మోసం చేసేది నీరు.

తొమ్మిదో తరగతిలో చదివిన ద్రవ్య నిత్యత్వ నియమాన్ని చెరువు భాషలో చెబితే ఇలా ఉంటుంది:

మొదట ఉన్నది − బయటికి తీసింది + బయటినుంచి వచ్చి చేరింది = ఇప్పుడు ఉన్నది

చెరువులో తూము ద్వారా ఎంత పోయిందో, వాగు ఎంత తెచ్చిందో, మట్టం ఎంత మారిందో ఈ మూడూ తెలిస్తే చెరువు విస్తీర్ణం తెలిసినట్టే. దీన్ని చమురు నిక్షేపాలకు సమీకరణంగా మలిచినవాడు షిల్తూయిస్, 1936లో. అప్పటినుంచి దీన్ని మెటీరియల్ బ్యాలెన్స్ అంటున్నాం. సమీకరణం పదినిమిషాల్లో వస్తుంది. దాని చుట్టూ ఉన్న నిర్ణయాలే కష్టం. అందుకే ఈ మార్గదర్శిలో బీజగణితం తక్కువ, నిర్ణయాలు ఎక్కువ.

లెక్క చూపించడానికి ఒక ఊహాజనిత గ్యాస్ నిక్షేపం తీసుకుందాం. లోతు 3,000 మీటర్లు, ఉష్ణోగ్రత 110 డిగ్రీల సెల్సియస్, మొదటి ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 300 కిలోలు. ఇక్కడినుంచి ప్రెషర్‌ని కుదించి 'కేజీలు' అనే రాస్తాను. గాలితో పోలిస్తే గ్యాస్ సాంద్రత 0.65.

మొదటి మెట్టు: గీత ఎక్కడ గీస్తున్నారు?

ఏది 'లోపల', ఏది 'బయట' అన్నది తేల్చకుండా ద్రవ్య నిత్యత్వానికి అర్థం లేదు. కాగితం మీద గీసిన లీజు హద్దు ప్రభుత్వానిది. గ్యాస్‌కి దాంతో పనిలేదు. ఒకే ఇసుకపొర రెండు లీజుల్లోకి సాగి ఉంటే, ఒకవైపు ప్రెషర్ తగ్గగానే రెండోవైపు గ్యాస్ కదలడం మొదలుపెడుతుంది.

దీనికి మన తీరంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. కాకినాడ తీరానికి ఎదురుగా బంగాళాఖాతంలో ఉన్న కేజీ-డీ6 బ్లాకులో (ఇక్కడ కేజీ అంటే కృష్ణా–గోదావరి, ప్రెషర్ కాదు) రిలయన్స్ 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ బ్లాకుకి ఆనుకునే ఓఎన్‌జీసీ బ్లాకులున్నాయి. తమ వైపు గ్యాస్ అటు వెళ్తోందంటూ ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. స్వతంత్ర నిపుణులుగా నియమించిన డీగోలియర్ అండ్ మెక్‌నాటన్ సంస్థ 2015లో నివేదిక ఇచ్చింది. రెండు వైపుల నిక్షేపాలూ కలిసే ఉన్నాయని, 2015 మార్చి నాటికి సుమారు 11 బిలియన్ ఘనపు మీటర్ల గ్యాస్ ఓఎన్‌జీసీ వైపునుంచి వలస వచ్చిందని అందులో లెక్కగట్టింది. ఆ తర్వాత వివాదం మధ్యవర్తుల దగ్గరికి, మళ్ళీ కోర్టులకు నడిచింది. న్యాయం సంగతి వాళ్ళు చూసుకుంటారు. మనకి కావలసిన పాఠం ఒక్కటే. ఇలాంటి చోట ఒక లీజు వరకే గీత గీసి మెటీరియల్ బ్యాలెన్స్ చేస్తే, పొరుగునుంచి వచ్చిన గ్యాస్ కూడా 'మొదటినుంచీ మనదే' అన్నట్టు లెక్కలోకి వస్తుంది.

అందుకని ముందు సైస్మిక్ మ్యాపు (భూమిలోకి తరంగాలు పంపి గీసిన రాతిపొరల పటం) ముందు వేసుకుని జియాలజిస్టుతో కూర్చోండి. ఫాల్టులు, అంటే రాతిపొర విరిగి జరిగిన చోట్లు, ఎక్కడున్నాయి, అవి మూసినట్టున్నాయా, కారుతున్నాయా, గ్యాస్ కింద నీరు ఏ లోతున తగులుతోంది, ఆ నీటి పొర ఎంత దూరం సాగి ఉంది, ఇవన్నీ అడగండి. కొత్త బావి తవ్వినప్పుడు కొలిచిన ప్రెషర్ అప్పటికే తగ్గి ఉంటే అది పాత బావులతో కలిసి ఉన్నట్టే. ఫాల్టు మీద ఎన్ని వాదనలు జరిగినా ఆ ఒక్క కొలత చాలావరకు తేల్చేస్తుంది. ప్రెషర్ తగ్గకుండా మొదటి విలువే చూపిస్తే ఆ బావికి వేరే పద్దు తెరవండి.

రెండో మెట్టు: తీసిన సరుకు పద్దు

నిక్షేపం నుంచి బయటికి వచ్చిన ప్రతి అణువూ ఖర్చు కిందే లెక్క. అమ్మిన గ్యాస్ ఒక్కటే రాస్తే సరిపోదు. ఫ్లేర్‌లో కాల్చింది, ప్లాంటులో ఇంధనంగా వాడింది, బావి పరీక్షల్లో వదిలేసింది, అన్నీ కలపాలి. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. ఆ మంటని చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ కథ చెబుతారు. మీటరు లేకుండా అలా పోయిన గ్యాస్‌కి కూడా పద్దులో ఒక అంచనా రాయాలి. సున్నా రాస్తే అది తప్పని ముందే తెలుసు. అంచనాలో ఎంతోకొంత తేడా ఉన్నా సున్నా కంటే నయం.

చాలామంది మరిచిపోయేది కండెన్సేట్. భూమి లోపల గ్యాస్‌గా ఉండి, పైకి వచ్చాక చల్లబడి పెట్రోలులాంటి ద్రవంగా మారుతుంది. లోపల ఉన్నంతసేపూ అది గ్యాసే కాబట్టి దాన్ని తిరిగి గ్యాస్‌గా మార్చి కలపాలి. ఒక ఘనపు మీటరు కండెన్సేట్ బరువు 750 కిలోలు, సగటు అణుభారం 120 అనుకుందాం. 750ని 120తో భాగిస్తే 6.25 కిలోమోల్స్. 15 డిగ్రీల దగ్గర, వాతావరణ ప్రెషర్ దగ్గర ఒక కిలోమోల్ గ్యాస్ 23.6 ఘనపు మీటర్లు ఆక్రమిస్తుంది. అంటే ఒక ఘనపు మీటరు కండెన్సేట్ దాదాపు 148 ఘనపు మీటర్ల గ్యాస్‌కి సమానం. కండెన్సేట్ బాగా వచ్చే బావుల్లో ఇది చిన్న మొత్తం కాదు.

నీటికి వేరే కాలమ్ పెట్టండి. రోజుకి ఎంత నీరు వస్తోంది, అందులో ఉప్పు ఎంత అన్నది రాయండి. గ్యాస్‌తోపాటు ఆవిరిగా వచ్చి పైన చల్లబడిన నీరు దాదాపు ఉప్పు లేకుండా ఉంటుంది. కింది నీటి పొర బావి దాకా వచ్చేసిందంటే ఉప్పు పెరుగుతుంది. ఈ చిన్న పరీక్ష ఏడో మెట్టు దగ్గర పనికొస్తుంది.

మూడో మెట్టు: సగటు ప్రెషర్

ఈ పనిలో నిజమైన ఖర్చు, నిజమైన టెన్షన్ ఇక్కడే. బావి పారుతున్నప్పుడు దాని అడుగున ఉండే ప్రెషర్ నిక్షేపం ప్రెషర్ కాదు. దాన్ని మూసి, అడుగుకి గేజి దింపి, ప్రెషర్ తిరిగి పుంజుకోవడాన్ని గంటలు, రోజులు కొలవాలి. ఆ కొలతలనుంచి 'ఇంకా ఎంతసేపైనా మూసి ఉంచితే ఎక్కడ ఆగుతుంది' అని సాగదీసి చూసే పద్ధతిని హార్నర్ 1951లో ఇచ్చాడు. ఈ రోజుకీ మొదట గీసే గ్రాఫు అదే.

బావిని మూస్తే ఆ రోజు అమ్మకం పోతుంది. ప్రొడక్షన్ విభాగం ఒప్పుకోదు. 'నిన్ననే మూశాం కదా, ఆరు గంటలు చాలవా' అంటారు. రాయి గట్టిగా ఉండి గ్యాస్ నెమ్మదిగా కదిలే చోట ఆరు గంటలు చాలవు. ప్రెషర్ ఇంకా పైకి పోతుండగానే గేజి తీసేస్తే సగటు ప్రెషర్ తక్కువ వస్తుంది, నిక్షేపం ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. నా సలహా: ఏడాదికి నాలుగు అరకొర సర్వేలకు బదులు ఒక్కటి పూర్తిగా చేయించండి. ప్లాంటు మరమ్మతుకి ఆగే రోజులు ముందే తెలుసుకుని ఆ సమయానికే గేజి దింపించుకుంటే ఎవరితోనూ గొడవ ఉండదు.

తర్వాత అన్ని కొలతలనూ ఒకే లోతుకి తెచ్చుకోవాలి. మన ఉదాహరణలోని గ్యాస్ 300 కేజీల దగ్గర ఘనపు మీటరుకి దాదాపు 180 కిలోల బరువుంటుంది. అంటే 100 మీటర్ల లోతు తేడాకి 1.8 కేజీల ప్రెషర్ తేడా వస్తుంది. గేజి విలువకి వాతావరణ ప్రెషర్ 1.03 కలపడం మరవకండి. బావులు ఎక్కువగా ఉంటే మామూలు సగటు తీయకండి. ప్రతి బావీ ఎంత పరిమాణాన్ని పిండుకుంటోందో దాన్నిబట్టి బరువు ఇచ్చి సగటు తీయాలి.

ఒక హెచ్చరిక. ప్రెషర్ కేవలం 5 కేజీలు తగ్గినప్పుడు కొలతలో ఒక కేజీ తప్పు వచ్చిందంటే మీ జవాబులో నూటికి 20 వంతులు తప్పు. అదే 120 కేజీలు తగ్గాక ఆ ఒక్క కేజీ తప్పు లెక్కలోకే రాదు. అందుకే మొదటి ఏడాదిలోనే 'నిక్షేపం ఇంత' అని పిడికిలి బిగించి చెప్పేవాళ్ళని నేను నమ్మను.

నాలుగో మెట్టు: గ్యాస్ స్వభావం

ఆదర్శ వాయువైతే ప్రెషర్ సగమైతే గ్యాస్ సగమైనట్టే. నిజం గ్యాస్ అలా నడుచుకోదు. ఆటో ముల్లు 200 నుంచి 100కి వచ్చేసరికి సగం కన్నా కాస్త తక్కువే మిగిలి ఉంటుంది. ఈ తేడాని సరిచేసే గుణకమే జెడ్. 1942లో స్టాండింగ్, కాట్జ్ దీనికి గీసిన చార్టు పెట్రోలియం ఇంజినీర్లందరికీ తెలుసు. చార్టు చదవడం విసుగనిపిస్తే హాల్, యార్బరోల సమీకరణాన్ని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోవచ్చు. కింద ఉన్న విలువలు దాంతో కట్టినవే. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే ముందు విచర్ట్, అజీజ్‌ల దిద్దుబాటు చేయాలి. వీలుంటే మాత్రం ల్యాబులో కొలిపించండి.

ఐదో మెట్టు: లెక్క

నిక్షేపం సందుల పరిమాణం మారదని, బయటినుంచి ఏమీ రాదని అనుకుందాం. వాయు సమీకరణం ప్రకారం లోపలున్న మోల్స్ సంఖ్య ప్రెషర్‌ని జెడ్‌తో భాగిస్తే వచ్చే విలువకి అనుపాతంలో ఉంటుంది. దాన్ని పీ/జెడ్ అందాం. అప్పుడు ద్రవ్య నిత్యత్వం ఇలా కుదించుకుంటుంది:

ఇప్పటి పీ/జెడ్ = మొదటి పీ/జెడ్ × (1 − తీసిన గ్యాస్ / మొదటి గ్యాస్)

గ్రాఫులో అడ్డంగా తీసిన గ్యాస్, నిలువుగా పీ/జెడ్ పెడితే తిన్నని గీత వస్తుంది. ఆ గీతని కిందికి సాగదీస్తే అడ్డగీతని ఎక్కడ తాకుతుందో అదే మొదటి గ్యాస్. మన ఉదాహరణలో అంకెలు ఇలా ఉన్నాయి. గ్యాస్ అంతా కోట్ల ఘనపు మీటర్లలో ఉంది.

| ప్రెషర్ | జెడ్ | పీ/జెడ్ | తీసిన గ్యాస్ | ఆ వరుస ఇచ్చే మొదటి గ్యాస్ |
|---|---|---|---|---|
| 300 | 0.965 | 310.9 | 0 | – |
| 270 | 0.944 | 286.0 | 41 | 512 |
| 240 | 0.925 | 259.5 | 82 | 496 |
| 210 | 0.913 | 230.0 | 131 | 503 |
| 180 | 0.906 | 198.7 | 180 | 499 |

చివరి కాలమ్ ఎలా వచ్చిందో ఒక్క వరుసకి చూద్దాం. 240 కేజీల దగ్గర పీ/జెడ్ 259.5. దాన్ని 310.9తో భాగిస్తే 0.8347. అంటే మొదటి గ్యాస్‌లో 0.1653 వంతు బయటికి వచ్చింది. ఆ వంతు 82 కోట్లయితే మొత్తం 496 కోట్లు. నాలుగు వరుసలూ 500 చుట్టూ తిరుగుతున్నాయి, ఎటూ ఒరగడం లేదు. మూసిన డబ్బాలాంటి నిక్షేపం ఇలాగే ప్రవర్తిస్తుంది.

ఎంత తీయగలం అన్నది దీని తర్వాతి ప్రశ్న. ప్రెషర్ 50 కేజీలకు దిగాక కంప్రెసర్ పెట్టినా గిట్టుబాటు కాదనుకుందాం. అక్కడ పీ/జెడ్ దాదాపు 52 ఉంటుంది. 52ని 310.9తో భాగించి 1 నుంచి తీసేస్తే 0.83. అంటే 500 కోట్లలో 415 కోట్ల దాకా పైకి వస్తుంది.

ఆరో మెట్టు: తిన్నని గీతని అనుమానించండి

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఇప్పుడు అదే నిక్షేపానికి కింద పెద్ద నీటి పొర ఉందనుకోండి. ప్రెషర్లు అవే, కానీ ఆ ప్రెషర్‌కి దిగేలోపు తీయగలిగిన గ్యాస్ ఎక్కువ:

| ప్రెషర్ | తీసిన గ్యాస్ | ఆ వరుస ఇచ్చే మొదటి గ్యాస్ |
|---|---|---|
| 270 | 49 | 612 |
| 240 | 109 | 659 |
| 210 | 180 | 692 |
| 180 | 253 | 701 |

ఈ చుక్కల్ని పీ/జెడ్ గ్రాఫు మీద పెట్టి చూడండి. మొదటి చుక్కని 'కొలత తప్పు' అని పక్కన పెట్టేస్తే మిగిలినవి చక్కగా గీత మీద కూర్చుంటాయి, గీత 700 పైచిలుకు చూపిస్తుంది. నిక్షేపంలో నిజంగా ఉన్నది మాత్రం 500 కోట్లే, నేను పెట్టిన అంకెలు కాబట్టి నాకు తెలుసు. తేడా అంతా నీటి పని. గ్యాస్ ఖాళీ చేసిన చోటులోకి నీరు చొరబడి ప్రెషర్‌ని నిలబెట్టింది. వంటగ్యాస్ బండ చేసే మోసమే ఇక్కడ ఇంకో రూపంలో వచ్చింది.

గీత దాచిన విషయాన్ని చివరి కాలమ్ బయటపెడుతోంది. 612, 659, 692, 701, పెరుగుతూ పోతోంది. ఉన్న గ్యాస్ ఒక్కటే అంకె అయి ఉండాలి కదా, ఏడాదేడాదికీ ఎలా పెరుగుతుంది? ఈ కాలమ్‌ని తీసిన గ్యాస్‌కి ఎదురుగా గీస్తే దాన్నే కోల్ ప్లాట్ అంటారు. పీ/జెడ్ గ్రాఫు పక్కనే ఇది గీయడం అలవాటు చేసుకోండి, ఐదు నిమిషాల పని. చుక్కలు అడ్డంగా సాగితే మూసిన డబ్బా. ఎక్కితే నీరు గానీ, పొరుగునుంచి గ్యాస్ గానీ వస్తోంది. బలహీనమైన నీటి పొరైతే మొదట పైన కనిపించి తర్వాత దిగుతూ వస్తుంది, అక్కడ కంగారుపడకండి. మొదటి ఒకటి రెండు చుక్కలకి మాత్రం ప్రెషర్ తప్పుల వల్ల ఊగిసలాట తప్పదు.

నీరు వస్తే ప్రెషర్ నిలబడుతుంది, మంచిదే కదా అనుకోవద్దు. నీరు గ్యాస్‌ని పూర్తిగా తోసెయ్యలేదు. రాతి సందుల్లో నాలుగో వంతో మూడో వంతో గ్యాస్‌ని బుడగలుగా చుట్టేసి అక్కడే బంధించి ముందుకు పోతుంది. ఆ బుడగలు ఎక్కువ ప్రెషర్ దగ్గరే చిక్కుకుంటాయి కాబట్టి నష్టం రెట్టింపు. మూసిన డబ్బాలో 80 నుంచి 90 శాతం పైకి వచ్చేది, బలమైన నీటి పొర ఉన్నచోట చాలాసార్లు 50–70 శాతం దగ్గరే ఆగిపోతుంది. 700 ఉందని నమ్మి పైపులైను వేసుకుంటే, ఉన్న 500లోనూ 300 వచ్చాక బావులు నీళ్ళు కక్కుతాయి. కేజీ-డీ6లో డీ1, డీ3 క్షేత్రాలనుంచి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తికి ఏర్పాట్లు చేసుకున్నారు. 2010లో 6 కోట్ల దాకా వచ్చి, తర్వాత నీరు, ఇసుక చేరడంతో బావులు ఒక్కొక్కటే మూతపడి, 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాల్లోనూ ఉత్పత్తి ఆగిపోయింది. అక్కడి కారణాలు ఒకటి కాదు, దాన్ని ఈ చిన్న ఉదాహరణలోకి ఇరికించను. కానీ ఒక నిక్షేపం తన గురించి వేసిన అంచనాల్ని ఎంత త్వరగా తారుమారు చేయగలదో అక్కడ తెలిసింది.

ఏడో మెట్టు: వచ్చిన నీరు ఎంత?

ఇప్పుడు సమీకరణంలో 'బయటినుంచి వచ్చింది' అన్న పదాన్ని తిరిగి తెచ్చుకోవాలి. 180 కేజీల దగ్గర లెక్క చూద్దాం. ఉపరితలం మీద ఒక ఘనపు మీటరు గ్యాస్ భూమి లోపల మొదట 0.00442 ఘనపు మీటర్లు ఆక్రమించేది, ఇప్పుడు 0.00691 ఆక్రమిస్తోంది. తేడా 0.00249. కోల్ ప్లాట్ చూపించిన 701కి, అసలు 500కి తేడా 201 కోట్లు. దాన్ని 0.00249తో గుణిస్తే సుమారు అర కోటి, అంటే 50 లక్షల ఘనపు మీటర్ల నీరు లోపలికి వచ్చింది. బావుల్లోంచి నీరు కూడా పైకి వచ్చి ఉంటే దాన్నీ దీనికి కలపాలి. గ్యాస్ మొదట ఉన్న చోటు 2.2 కోట్ల ఘనపు మీటర్లు కాబట్టి దాదాపు నాలుగో వంతు చోటు నీటి పాలైంది.

అసలు గ్యాస్ 500 అని ముందే తెలియదు కదా, మరెలా? నిజ జీవితంలో రెండూ తెలియవు, అందుకే నీటి పొరకి ఒక నమూనా ఎంచుకుని రెండిటినీ కలిపి సరిపోల్చాలి. అన్నిటికంటే సరళమైనది కుండ నమూనా. నీరు, రాయి కలిసి ప్రెషర్ తగ్గినప్పుడు ఎంత ఉబ్బుతాయో అంత నీరు బయటికి వస్తుందనేదే అందులో ఊహ. కేజీకి 0.000085 వంతు ఉబ్బుతాయనుకుంటే 120 కేజీలకి 0.0102 వంతు. 50 లక్షల్ని దాంతో భాగిస్తే నీటి పొర పరిమాణం 49 కోట్ల ఘనపు మీటర్లు రావాలి, గ్యాస్ చోటుకి 22 రెట్లు. ఇక జియాలజిస్టు దగ్గరికి వెళ్ళి 'ఈ ఇసుకపొర అంత దూరం సాగి ఉందా' అని అడగండి. 'మూడు రెట్లకి మించి ఉండదు, అవతల ఫాల్టు ఉంది' అన్నారంటే మీ కథలో ఎక్కడో తప్పుంది. గ్యాస్ 500 కంటే ఎక్కువ ఉండాలి, లేదా పొరుగునుంచి గ్యాస్ వస్తుండాలి. నీళ్ళ ఉప్పు పరీక్ష ఇక్కడే సాక్ష్యం చెబుతుంది.

నీరు ఆలస్యంగా, దూరంనుంచి వచ్చే చోట కుండ నమూనా చాలదు. వాన్ ఎవర్డింగెన్, హర్స్ట్ 1949లో ఇచ్చిన పద్ధతి కచ్చితమైనది, కానీ చేత్తో చేయాలంటే ఓపిక నశిస్తుంది. ఫెట్కోవిచ్ 1971లో ఇచ్చిన సులువు దారి స్ప్రెడ్‌షీట్‌కి బాగా సరిపోతుంది. నేనైతే దాంతోనే మొదలుపెడతాను.

చమురైతే

నియమం అదే, పద్దులో వరుసలు పెరుగుతాయి. బయటికి తీసిన చమురు, గ్యాస్, నీరు భూమి లోపల ఆక్రమించే మొత్తం పరిమాణం ఒకవైపు. చమురు ఉబ్బడం, అందులో కరిగి ఉన్న గ్యాస్ విడిపోవడం, పైన గ్యాస్ టోపీ ఉంటే అది ఉబ్బడం, నీరు, రాయి ఉబ్బడం, బయటి నీరు, మనం పంపిన నీరు ఇంకోవైపు. హవ్లేనా, ఓడే 1963లో దీన్ని తిన్నని గీతగా సర్దారు, అక్కడినుంచి చేత్తో గీసే పని అయింది.

ఇక్కడ కొత్తవాళ్ళు తప్పక పడే గుంట ఒకటుంది. చమురులోంచి గ్యాస్ ఇంకా విడిపోని దశలో 'రాయి ఎంత ఉబ్బుతుందిలే' అని దాన్ని కొట్టేస్తారు. లెక్కేద్దాం. చమురు కేజీకి 0.00014 వంతు ఉబ్బుతుంది. నీరు 0.000043, రాయి 0.00005. సందుల్లో పావు వంతు నీరే ఉందనుకుంటే, చమురు పరిమాణానికి సరిపోల్చినప్పుడు నీరు, రాయి కలిసి 0.000081 కలుపుతాయి. మొత్తం 0.000221. అంటే తోపుడులో మూడో వంతు పైచిలుకు రాయీ నీరూ ఇస్తున్నవే. వాటిని వదిలేస్తే 100 ఉన్నచోట 158 ఉన్నట్టు తేలుతుంది. ఒక చిన్న పదం కొట్టేసినందుకు ఒకటిన్నర రెట్ల అబద్ధం.

గ్యాస్ దగ్గర దీన్ని ఎందుకు వదిలేశాం మరి? 300 కేజీల దగ్గర గ్యాస్ ఉబ్బడం ముందు రాయి వాటా నూటికి 3 దాకానే ఉంటుంది కాబట్టి. కృష్ణా–గోదావరి బేసిన్ లోతుల్లో కొన్నిచోట్ల ఆ లోతుకి ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ప్రెషర్ ఉంటుంది. అలాంటి చోట గ్యాస్ తక్కువ ఉబ్బుతుంది, మెత్తటి రాయి ఎక్కువ కుంగుతుంది. పీ/జెడ్ గీత మొదట వాలు తక్కువగా, తర్వాత ఎక్కువగా పడి రెండు ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్కనే సాగదీశారంటే నిక్షేపాన్ని అమాంతం పెంచేసినట్టే.

ఎనిమిదో మెట్టు: మ్యాపు లెక్కతో పోల్చడం

విస్తీర్ణం, మందం, రాతిలో సందుల వంతు, అందులో గ్యాస్ వంతు గుణించి జియాలజిస్టు ఒక అంకె చెబుతారు. మీ అంకె దానికంటే తక్కువ వస్తే రాయి ముక్కలు ముక్కలుగా ఉండి, మీ బావులు కొన్ని ముక్కల్నే పిండుతున్నాయేమో చూడండి. అక్కడ ఇంకో బావి తవ్వే అవకాశం దాగి ఉంటుంది. మీది ఎక్కువ వస్తే ఆరో మెట్టుకి వెళ్ళండి, అక్కడ కూడా తేలకపోతే మొదటి మెట్టుకి. రెండూ కలిసే దాకా ఎవరి అంకెనీ గెలిపించకండి. రెండు అంకెలకీ సగటు తీసి రిపోర్టులో పెట్టడం మాత్రం చేయకండి. అది ఎవరి తప్పో తేల్చకుండా చేసే రాజీ.

కంప్యూటర్ సిమ్యులేటర్ ఉంది కదా, ఇదంతా ఎందుకు అని అడుగుతారు. సిమ్యులేటర్ చేసేదీ ఇదే చెరువు లెక్క. నిక్షేపాన్ని లక్ష గడులుగా కోసి, ప్రతి గడికీ 'వచ్చింది, పోయింది, మిగిలింది' అని ప్రతి కాలపు అడుగులోనూ, అంటే ప్రతి చిన్న కాలవ్యవధికీ, సరిచూస్తుంది. రన్ అయ్యాక మొదట తెరవాల్సింది రంగురంగుల మ్యాపు కాదు, మెటీరియల్ బ్యాలెన్స్ లోపం రాసే వరుస. అది పెరుగుతూ పోతుంటే సిమ్యులేటర్ ఎక్కడో సరుకుని పుట్టిస్తోంది, లేదా మాయం చేస్తోంది. కాలపు అడుగు చిన్నది చేసి మళ్ళీ నడపండి. లోపం సున్నాకి దగ్గరగా ఉన్నా, నీటి పొర సైజు మీరు ఇచ్చిందే కాబట్టి 49 కోట్ల బదులు 5 కోట్లు పెడితే సిమ్యులేటర్ కిక్కురుమనకుండా వేరే నిక్షేపాన్ని చూపిస్తుంది. అందుకే మోడల్ ఇచ్చే సగటు ప్రెషర్‌ని, చేత్తో గీసిన పీ/జెడ్ గీతని ఒకే కాగితం మీద పెట్టి చూడండి. తర్వాతి సర్వేలో 150 కేజీల చుక్క పడ్డాక రెండిట్లో ఏది దానికి దగ్గరగా వెళ్ళిందో తేదీ వేసి రాసుకోండి.